సూసన్న ఆటలో సమ్మెట

ముప్ఫై రెండేళ్ళు కలకత్తా దగ్గరి రైల్వే వర్క్‌షాపులో సమ్మెట కొట్టిన తిమోతికి, రిటైరైన రెండో ఏడు, ఆ సమ్మెట గురించే ఒక ఆడపిల్లతో వాదన వచ్చింది. ఆ పిల్ల ఆయన కూతురే.

సూసన్న ఊళ్ళోనే మలంచా పేటలో దత్తాబాబు నడిపే కంప్యూటర్ల స్కూల్లో ఏడాది చదివింది. రైల్వే పరీక్షలు రెండు రాసింది, రెండూ పోయాయి. ఇప్పుడు ఆ స్కూల్లోనే సాయంత్రం బ్యాచికి పాఠం చెప్పే పని ఒకటి ఖాళీ అయింది. దత్తాబాబు షరతు ఒక్కటే పెట్టాడు. వచ్చే ఆదివారం కొత్తగా చేరాలనుకునే వాళ్ళు చూడటానికి వస్తారు. వాళ్ళ ముందు పెట్టేందుకు సూసన్న ఒక ఆట తయారు చేయాలి. కూర్చున్న వాళ్ళు గంటసేపు లేవకుండా ఉంటే ఉద్యోగం ఆమెది. లేచిపోతే, కలకత్తా నుంచి రావడానికి ఒకాయన సిద్ధంగా ఉన్నాడు.

బుధవారం మధ్యాహ్నం తిమోతి కేరియర్ పట్టుకుని వెళ్ళేసరికి గదిలో ముగ్గురే ఉన్నారు. సూసన్న నిలబడి గోరు కొరుక్కుంటోంది. చర్చిలో గిటారు వాయించే విల్‌ఫ్రెడ్ ఆట ఆడుతున్నాడు. వాడి పక్కన హైమవతి కూర్చుని చూస్తోంది. పెళ్ళికి ముందు టైపు పాసై, పిల్లలు బడికి వెళ్ళాక ఇప్పుడు కంప్యూటరు నేర్చుకుంటున్న మనిషి ఆమె.

తెర మీద గూడ్స్ యార్డు. పెట్టెల మీంచి దొంగలు దూకుతున్నారు. కాపలావాడి దగ్గర మూడు ఆయుధాలున్నాయి. కర్రతో రెండు దెబ్బలు వేస్తే దొంగ పడతాడు. గులేరుతో దూరం నుంచి మూడు రాళ్ళు తగలాలి. సమ్మెటతో అయితే ఒకటే దెబ్బ. విల్‌ఫ్రెడ్ సమ్మెట పట్టి నాలుగు నిమిషాల్లో యార్డంతా ఖాళీ చేసేసి ఒళ్ళు విరుచుకున్నాడు.

"అయిపోయింది. ఇంకేటి సెయ్యమంటావ్?" అన్నాడు. "సమ్మెట సేతికిచ్చినాక మిగతావి ఎవడు పడతాడు సూసీ? దాని దెబ్బ తగ్గించెయ్."

"తగ్గిస్తే అది సమ్మెటేటి, పప్పుగుత్తి అవుతాది" అంది సూసన్న.

"అయితే తీసెయ్."

హైమవతి వెంటనే కుర్చీ ఇటు తిప్పింది. "నీకేటి నాయనా, గోల్‌బజార్ వీడియో గేముల కొట్లోనే పెరిగినావు. గులేరుకి రెండు బటన్లు ఒకేసారి నొక్కాలంటే నా వేళ్ళు ముడిపడిపోతన్నాయి. సమ్మెటకి ఒకటే బటను. అదీ తీసేస్తే నాలాంటిది కూకుని నీ వీపు సూడాలా?"

"ఈజీగా ఉన్నదే గట్టిగా కూడా ఉంటే ఎలాగ దీదీ? ఈజీ అయితే దెబ్బ తక్కువుండాలి, దెబ్బ ఎక్కువైతే కష్టముండాలి. లెక్కంటే లెక్కే."

తిమోతికి ఈ మాటలు సగమే వినిపించాయి. ఆయన ఎడమచెవి ఎప్పుడో మందగించింది. కానీ కళ్ళు మాత్రం తెర మీదే ఉన్నాయి. కాసేపు చూసి కేరియర్ బల్ల మీద పెట్టాడు.

"ఇదేటమ్మా, ఈగల్ని తోలినట్టు ఊపుతున్నాడు సమ్మెటని?"

"ఆటే కదా నాన్నా."

"ఆటైతే మాత్రం? సమ్మెట అని పేరెట్టినావు కదా. పద్నాలుగు పౌన్లది ఒకపాలి దించినోడు మళ్ళీ అంత బేగి ఎత్తలేడు. దించినాక ఊపిరి తీసుకోవాలి."

విల్‌ఫ్రెడ్ చప్పట్లు కొట్టాడు. "అంకుల్ పాయింటు సెప్పినారు! దెబ్బ అలాగే ఉంచు, లేవడం లేటు సెయ్."

సూసన్న తండ్రి మొహం చూసింది. తర్వాత కాగితం మీద ఏదో రాసుకుంది. తన మాట కూతురి లెక్కల్లోకి వెళ్ళడం తిమోతికి అదే మొదటిసారి. ఇంటికి వెళ్ళే దారిలో ఆయన రిక్షావాడితో కూడా ఆ సంగతి చెప్పాడు.

శుక్రవారం సాయంత్రం సూసన్న చెప్పులు గుమ్మం బయట విసిరేసి లోపలికి వచ్చింది.

"ఇప్పుడు దాన్ని ఎవరూ ముట్టుకోవట్లేదు" అంది. "సమ్మెట ఎత్తేలోపు ఇద్దరు దొంగలొచ్చి పొడిచేస్తన్నారు. హైమవతక్క మూడుసార్లు చచ్చి, పిల్లలొచ్చే టైమైందని ఎల్పోయింది. విల్‌ఫ్రెడ్ ఏమన్నాడో తెలుసా? సమ్మెటని ఇంక షోకేసులో పెట్టుకోమన్నాడు."

తల్లి ఎలీసమ్మ మంచినీళ్ళ గ్లాసు అందించబోయింది. సూసన్న తీసుకోలేదు.

"నీ మాట విన్నాను నాన్నా. రెండ్రోజులు పోయినాయి. ఆట పాడైంది."

తప్పు తనదేనని తిమోతికి అనిపించింది గాని, ఎక్కడ తప్పాడో తెలియలేదు. బరువు సంగతి చెప్పాడు, అది నిజమే. దించాక ఊపిరి తీసుకోవాలన్నాడు, అదీ నిజమే. అంత బరువైనదాన్ని తాను ఒక్క పూటలో వందల సార్లు ఎత్తాడు. అదీ నిజమే. మొదటి రెండూ నిజమైతే మూడోది ఎలా సాధ్యమైంది?

కుర్చీలో కూర్చునే కుడిచెయ్యి ఒకసారి గాలిలో ఆడించి చూసుకున్నాడు. మళ్ళీ ఆడించాడు. ఎలీసమ్మ చూసి, "ఏటి, సెయ్యి నొప్పా?" అంది. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళాడు.

పెరట్లో బొగ్గు కొట్టుకోవడానికి ఒక రైలు పట్టా ముక్క, ఒక బరువైన సుత్తి ఉన్నాయి. తిమోతి పట్టా ముక్కని నేల మీద సరిగ్గా ఆనేట్టు పెట్టి, "సూసీ, ఇలాగ రా" అని కేకేశాడు.

సూసన్న వచ్చి గడపలో నిలబడింది. ఇంకా కోపంగానే ఉంది.

"ఈ దెబ్బ సూడు." సుత్తి ఎత్తి, పిడి బిగించి పట్టుకుని కొట్టాడు. మోత వచ్చింది. సుత్తి పట్టా మీదే ఆగిపోయింది. తిమోతి మోచెయ్యి నొక్కుకున్నాడు. "ఇది కొత్తోడి దెబ్బ. నాను సేరిన కొత్తలో ఇలాగే కొట్టి, సాయంత్రానికి అన్నం కలుపుకోలేకపోయేవాణ్ణి. నీ ఆటలో ఉన్నోడు వీడే."

"మరి నువ్వు?"

"ఇప్పుడు సూడు."

ఈసారి దెబ్బ పడే క్షణానికి వేళ్ళు వదులు చేశాడు. సుత్తి పట్టాని తాకి ఎగిరింది. ఆ ఎగిరినదాన్ని అందుకుని పైకి పోనిచ్చాడు. మళ్ళీ దించాడు. మళ్ళీ ఎగిరింది. అరవై ఏళ్ళ మనిషి గొంతుక్కూర్చుని ఎనిమిది దెబ్బలు వరసగా, ఒకే తీరుగా కొట్టాడు. తొమ్మిదో దెబ్బకి తాళం తప్పింది. సుత్తి చచ్చినట్టు పడింది.

"దాగలి, అంటే కింది ఇనప దిమ్మ, కొంత ఎత్తుతాది, మనం కొంత ఎత్తుతాం" అన్నాడు రొప్పుతూ. "ఆ ఒక్క లిప్త పట్టుకున్నోడికి తేలిక. ముందు తొందరపడినా పోయింది, లేటైనా పోయింది. బుధవారం నీకు బరువొక్కటే సెప్పినాను. ఇది సెప్పాలని తోచలేదమ్మా. సెయ్యి దానంతటదే సేసుకుపోయేది."

సూసన్న పట్టా ముక్క దగ్గర కూర్చుని సుత్తి తీసుకుంది. మొదటి దెబ్బకి మణికట్టు జల్లుమంది. ఆరో ఏడో దెబ్బకి సుత్తి చిన్నగా ఎగిరింది. ఆమె నవ్వలేదు. "దెబ్బ పడినప్పుడే బటను మళ్ళీ నొక్కితే..." అని తనలో తనే అనుకుంటూ, చేతికి అంటిన బొగ్గుమసి కూడా కడుక్కోకుండా పెన్సిలు వెతుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

శనివారం ఆ మార్పు పెట్టింది. సమ్మెట నేలని తాకిన క్షణంలో బటను నొక్కితే అది చప్పున లేస్తుంది. లేకపోతే మునుపటిలాగే బరువుగా లేస్తుంది. విల్‌ఫ్రెడ్ ఆత్రంగా బటను టకటకా కొట్టి ఐదుసార్లు చచ్చాడు. హైమవతి రెండుసార్లు చచ్చి, మూడోసారి లయ దొరకబుచ్చుకుంది. టైపు మిషను మీద పాఠాలు కొట్టిన వేళ్ళు కదా, ఆగవలసిన చోట ఆగాయి, పడవలసిన చోట పడ్డాయి.

"అరే, ఇదేం అన్యాయం!" అన్నాడు విల్‌ఫ్రెడ్. "నా మీద దీదీ గెలవడమేటి?"

"ఒకటే బటను నాయనా. ఈజీయే కదా" అంది హైమవతి, తెర మీంచి చూపు తిప్పకుండా.

ఆదివారం ప్రార్థన అయ్యాక తిమోతి ఇస్త్రీ చొక్కాతోనే మలంచా వెళ్ళాడు. పన్నెండు మందిదాకా వచ్చారు. సూసన్న ఎవరికీ ఏమీ నేర్పలేదు, బటన్లు చూపించి పక్కకు తప్పుకుంది. మొదటి పది నిమిషాలు తిమోతికి ప్రాణం కుదురుగా లేదు. ఒకడు లేచి నిలబడ్డాడు. వాడు లేచింది పక్కవాడి తెర చూడటానికి.

తర్వాత గొడవ మొదలైంది. ఒక బెంగాలీ కుర్రవాడు గులేరే గొప్పదన్నాడు, దూరం నుంచి కొడితే మనకి దెబ్బ తగలదు కదా అన్నాడు. ఖరిదా పేట నుంచి వచ్చినవాడు సమ్మెట పట్టినోడి ముందు గులేరు ఎంతసేపు నిలుస్తుందని ఎగతాళి చేశాడు. ఒకమ్మాయి మాత్రం కర్రనే నమ్ముకుని ఇద్దరికంటే ఎక్కువసేపు బతికింది, కాని దానికి దెబ్బ చాలదని ఫిర్యాదు చేసింది. హిందీ, బెంగాలీ, తెలుగు కలగలిసిపోయాయి. సమ్మెట మంచిదా కాదా అన్నమాట ఎవరూ అనలేదు. ఎవరి చేతిలో మంచిది అన్న దగ్గరే తగువు.

గంట దాటింది. దత్తాబాబు గడియారం చూసుకుని, కుర్చీలు చూసుకుని, తిమోతి పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఎవరూ లేవలేదు.

"ఒకటో తారీఖు నుంచి సాయంత్రం బ్యాచి మీ అమ్మాయిదే, మాస్టారూ" అన్నాడు హిందీలో, కుడిచెవి వైపు వంగి. "రండి, ఆమెకు చెబుదాం."

సూసన్న గది చివర, కర్ర పట్టిన అమ్మాయి కుర్చీ వెనక వంగి ఉంది. ఆ అమ్మాయి ఏదో వేలితో చూపిస్తూ చెబుతుంటే, గబగబా కాగితం మీద రాసుకుంటోంది.

తిమోతి దత్తాబాబు చెయ్యి పట్టుకుని ఆపాడు.

"జరా రుకియే దాదా" అన్నాడు. "పనిలో ఉన్నాది."