ఇంకా తడిగానే ఉన్న స్టాంపు ప్యాడ్

మా కౌన్సిలర్ బాబాయి పోయారు. రియాద్ శివార్లలో, సులై గోదాముల ముందు లారీ ఆపి, సీట్లోనే ఒరిగిపోయారట. ఇక్కడే నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రికి ఆయన గదిలో ఉండే డ్రైవరు ఫోన్ చేసి చెప్పాడు. బాబాయి నాకు రక్తసంబంధీకుడు కాదు. మా ఊళ్లో మా వీధి మనిషి.

మా ఇంట్లో మొదట బడికెళ్లింది నేనే. పుట్టినతేదీ కాగితం లేదని హెడ్మాస్టరు అమ్మను వెనక్కి పంపితే, అప్పుడు మా వార్డు కౌన్సిలరైన బాబాయి, టీకొట్టు బల్ల మీదే ఉత్తరం రాసి ముద్ర కొట్టారు. 'ఈ పిల్ల మా వార్డు పిల్ల, పూచీ నాది.' అమ్మ దండం పెట్టబోతే, "దండాలెందుకొదినా? ఓటేశారుగా, పని చేయించుకోండి" అన్నారు.

ఆయన మూడోసారి గెలిచిన పదవీకాలం ముగిశాక ఎన్నికలు పెట్టలేదు. మునిసిపాలిటీని ప్రత్యేకాధికారికి అప్పగించారు. ఆ అధికారి చేతిలో మరో రెండు ఊళ్లు కూడా ఉన్నాయి. కొళాయి రాకపోతే ఎవరి గుమ్మం ఎక్కాలో మా వీధికి తెలియకుండా పోయింది. పదవి పోయిన బాబాయి పాత లారీ లైసెన్సు పట్టుకుని డ్రైవరుగా ఇక్కడికొచ్చారు.

శుక్రవారాలు మా ఊరివాళ్లం ఆయన గదిలో చేరేవాళ్లం. ఆయన మునిసిపల్ ఆఫీసుకు ఫోన్ కలిపేవారు. "అడగడానికి నువ్వెవరు?" అనేవాడు గుమాస్తా. "ఆ వీధివాణ్ణి." అవతల ఫోన్ పెట్టేసేవాడు.

"సౌదీలో కూచుని కాలవ తీయిస్తాడంట" అని నవ్వేవాళ్లు డ్రైవర్లు. ఆయనా నవ్వి, ట్రంకులోంచి తన కౌన్సిలర్ ముద్ర దాచుకున్న రేకు డబ్బా తీసి, స్టాంపు ప్యాడ్ మీద రెండు చుక్కల నీళ్లు వేసేవారు. "ఎలక్షన్ ఎప్పుడైనా రావచ్చు. ఎండనీకూడదు." గడువు తీరాక ఆ ముద్ర ఒక్కసారీ కొట్టలేదు. "ఇప్పుడు కొడితే దొంగతనమమ్మా" అనేవారు.

శవాన్ని ఊరికి పంపాలంటే, పిన్ని ఆయన భార్యేనని మా మునిసిపాలిటీ నుంచి కాగితం రావాలి. ఒకప్పుడు కౌన్సిలర్ సంతకం సరిపోయేది. ఇప్పుడు ప్రత్యేకాధికారే పెట్టాలి. పిన్ని రోజూ వెళ్తోంది. "సారు ఈ వారం రాలేదమ్మా" అంటున్నారట. ఊరందరికీ పూచీ పడ్డ మనిషికి పూచీ పడే మనిషి ఊళ్లో లేడు.

నిన్న శుక్రవారం ఆయన ట్రంకు సర్దుతుంటే డబ్బా దొరికింది. "పాపా, ఈ ముద్రే కాగితం మీద కొట్టి పంపుదామా? ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు డ్రైవరు. నేను డబ్బా అందుకుని, ప్యాడ్ మీద వేలు పెట్టి చూశాను. ఇంకా తడిగానే ఉంది.

బాబాయి ఇంకా మార్చురీలోనే ఉన్నారు. నేను రెండు చుక్కల నీళ్లు వేసి, మూత పెట్టాను.