మరదలు పోసిన మల్లెల నీళ్లు

ఈ ఉదయం కామారెడ్డిలో కూరగాయలు కొని ఇంటికి వస్తుంటే వీడియో కాల్ వచ్చింది. థాయిలాండ్‌లోని పుట్టింటికి పండక్కి వెళ్లిన మరదలు. ఆమె వెనక వీధంతా నీళ్లాట. పిల్లలూ ముసలివాళ్లూ బకెట్లతో ఒకరినొకరు తడుపుకుంటున్నారు. "వదినా, సోంగ్‌క్రాన్!" అని అరిచింది. అది వాళ్ల కొత్త సంవత్సరం. నేనూ నవ్వాను గానీ, నా ముఖం ఆమెకు కనపడకుండా ఫోన్ కొంచెం పక్కకు తిప్పాను.

తమ్ముడు దుబాయిలో ఒక హోటల్ వంటగదిలో చేసేటప్పుడు, తనతో పాటు వంట చేసే ఈమెను పెళ్లాడాడు. మొదటిసారి వాడు ఆమెను మా ఊరు ఎల్లారెడ్డికి తీసుకొచ్చింది కూడా ఇలాంటి ఎండల్లోనే. మా అమ్మను మేం అవ్వ అంటాం. వాడకట్టువాళ్లు అడిగితే అవ్వ, "కంపెనీల పని చేసే పిల్ల, ఊరు సూద్దామని వచ్చింది" అనేసింది. నేను పక్కనే చాయ్ తాగుతున్నాను, తమ్ముడి భార్య అని నేనూ చెప్పలేదు. ఆమెకు తెలుగు రాదు కదా అని మా ధీమా. కంచం వేరు, గ్లాసు వేరు. వంట చేసి బతికిన మనిషిని వంటింటి గడప దాటనివ్వలేదు. ఆమె మాత్రం బయట పీట మీద కూర్చుని, నవ్వు ముఖంతోనే, మా కొత్త చింతపండు గింజలు తీస్తూ ఉండేది.

ఒక పొద్దున ఇత్తడి చెంబులో మల్లెపూలు వేసి నీళ్లు నింపింది. కిటికీలో పెట్టుకున్న చిన్న బుద్ధుడి బొమ్మ మీద కొన్ని పోసి, వచ్చి అవ్వ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"బోరు ఎండిపోతుంటే గీ నీళ్లాట ఏందిరా?" అంది అవ్వ.

"ఆట గాదే అవ్వా, జర చేతులు సాపు" అన్నాడు తమ్ముడు.

కింద తాంబాళం పెట్టి, అవ్వ దోసిట్లో సన్నగా నీళ్లు పోస్తూ, మరదలు ఒక్కో మాట కూడబలుక్కుని అంది: "అవ్వా, నాతోని తప్పు అయితే మాఫ్ చెయ్యి."

అవ్వ ఉలిక్కిపడింది. "ఏం తప్పు చేసిందిరా పిల్ల?"

"ఏం చెయ్యలే. పండుగ నాడు పెద్దోళ్లను గిట్లనే అడుగుతరు. నువ్వు దీవించాలె."

అవ్వ దీవించకుండానే చేతులు వెనక్కి తీసుకుంది. నా వంతు వచ్చేసరికి నాకు చేతులు కొంగులో దాచుకోవాలనిపించింది. పట్టాను. నీళ్లు చల్లగానే ఉన్నాయి, ముఖం మాత్రం మండిపోయింది.

అప్పుడు అవ్వ చెంబు లాక్కుంది. "ఇగ నువ్వు పట్టు."

"అవ్వా, పెద్దోళ్లు అడగరే" అన్నాడు తమ్ముడు.

"పెద్దోళ్లు తప్పు చెయ్యరా?"

మరదలు బెదిరిపోయి మొగుడి వంక చూసి, చేతులు చాపి తల వంచింది. అవ్వ నీళ్లన్నీ పోసి, ఆమె చేయి పట్టుకుని వంటింట్లోకి నడిపించింది. మధ్యాహ్నం పక్కింటామె తొంగిచూసి, ఈ వంట చేసేదెవరని అడిగితే, "నా కోడలు" అంది, తల ఎత్తకుండానే.

దుబాయిలోనే కొంత తెలుగు నేర్చుకున్న మరదలికి మేం అన్న మాటలు మొదటి రోజే అర్థమయ్యాయని తమ్ముడు తర్వాతెప్పుడో చెప్పాడు. ఆమె ఆ ఊసు ఎన్నడూ ఎత్తలేదు. నేనూ మాఫీ అడగలేదు. వాళ్లు మన్నించమని అడగడానికి ఏడాదిలో ఒక పండుగ పెట్టుకున్నారు. మనం ఏ రోజైనా అడగవచ్చులే అనుకుంటాం. అలా అనుకుంటూ ఉండగానే ఏండ్లు గడిచిపోతాయి.