బొట్టు పెట్టిన అమెరికా కూజాలు

ఆ రోజుల్లో నా బతుకంతా వస్తువులను బోర్లించి చూడటంతోనే గడిచిపోయేది. నేను ఒమన్ వచ్చిన కొత్తలో బర్కాలో మా అర్బాబ్‌కు (యజమానిని ఇక్కడ అందరూ అలాగే అంటారు) పాతసామాన్ల గోదాం ఉండేది. మస్కట్‌లో ఇళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయే విదేశీయుల సామాన్లు కొని మళ్లీ అమ్మేవాడు. వాటిలో అమెరికావాళ్ల పాత మట్టిపాత్రలకు మంచి గిరాకీ. పైన రంగు ఎంత ముద్దొచ్చినా ధర పలికేది మాత్రం అడుగునున్న గుర్తుకే. ఒకదానికి మట్టిలో చెక్కిన అక్షరాలు, ఇంకొకదానికి సిరా ముద్ర, కొన్నిటికైతే చేసినవాళ్ల పేరే లేకుండా ఉత్త ‘యూఎస్‌ఏ’. వాటిని కడిగి, ఫోన్‌లో ఫొటో తీసి, ఏ గుర్తు ఏ కార్ఖానాదో వెతికి పెట్టడం నా డ్యూటీ. సైట్‌లో సిమెంటు మోయాల్సినవాణ్ని, కాస్త ఇంగ్లిషు వచ్చిన పాపానికి ఇందులో ఇరుక్కున్నాను. అలవాటైపోయి చివరికి రూమ్‌లో అన్నం పళ్లెం కూడా పైకెత్తి అడుగు చూసేవాణ్ని (పప్పు ఒళ్లో పడ్డాక గాని తెలివి వచ్చేది కాదు).

ఆ ఏడు దసరాకు ముందు అర్బాబ్ ఒక మాట ఇచ్చాడు. పాత కూజాలు కొనే అమెరికా మేడమ్ ఒకామె మస్కట్ నుంచి వచ్చి మా కూజాలన్నీ తీసుకుంటే నాకు ఛుట్టీ, ఇంటికెళ్లే సెలవు. నేను ఇక్కడికి వచ్చాక పుట్టిన కూతురు అప్పటికే నడుస్తోంది, మాటలూ నేర్చింది, నన్ను మాత్రం ఫోన్‌లోనే చూసింది. ఆ ఛుట్టీ కోసం ఒళ్లు హూనం చేసుకుని ఒక్కో గుర్తునూ పట్టుకున్నాను.

గోదాంలో నాతోపాటు పనిచేసే పెద్దాయన మెట్‌పల్లి వైపువాడు, అందరికీ కాక, అంటే చిన్నాయన. మా వైపు దసరాకు పనిముట్లకు బొట్టు పెట్టనిదే మనసొప్పదు. పండగనాడు నేను అట్టపెట్టెల మీద కునుకు తీస్తుంటే ఆ పనేదో కాక ఒక్కడే కానిచ్చాడు. లేచి చూద్దును కదా, కూజాలన్నీ బోర్లించి ఉన్నాయి. ప్రతిదాని అడుగునా పసుపు, నడుమ కుంకుమ బొట్టు, సరిగ్గా గుర్తు మీద!

“గిదేంది కాకా! గుర్తుల మీదనే పెట్టినవ్?”

“మరేడ పెట్టాలె? ముంగట పెడితే అర్బాబ్ జూస్తడు. మనకు బువ్వ పెట్టేది గా గుర్తే గద బిడ్డా!”

అది తప్పని ఎలా అనను? నున్నని పూత ఉన్నవి తుడిస్తే పోయాయి. పూత లేని మట్టి అడుగులు మాత్రం పసుపును పీల్చేసుకున్నాయి. సబ్బు అయింది, నిమ్మకాయ అయింది, చేతులు మండటమే మిగిలింది. మర్నాడు మేడమ్ వచ్చి ఒక కూజా తిప్పి, ఈ పచ్చ గుర్తు ఏ కార్ఖానాది అని అడిగింది. “ఫెస్టివల్, మేడమ్” అన్నాను, ఇంకేం తోచక. మరకలు పోతేనే తీసుకుంటానని చెప్పి వెళ్లిపోయింది. అర్బాబ్ అరవనైనా అరవలేదు. “పహలే సాఫ్ కరో, ఫిర్ ఛుట్టీ” అన్నాడు నీరసంగా. కూజాలు తెల్లబడితేనే సెలవన్నమాట. అరిచినా బాగుండేది.

“పసుపంటిన బట్ట నీళ్లతోని తెల్లగైతదార? ఎండల ఏస్తే అదే పోతది” అన్నాడు కాక. ఒమన్‌లో అడక్కుండా దొరికేది ఎండ ఒక్కటే. కూజాలను వాకిట్లో బోర్లించి, మేకలు తొక్కకుండా ఇద్దరం వడియాలకు కూర్చున్నట్టు కాపలా కూర్చున్నాం. పసుపు మెల్లగా వెలిసింది, దాని వెంట కుంకుమా పోయింది, గుర్తులు బయటపడ్డాయి. మేడమ్ మళ్లీ వచ్చి అన్నీ పట్టుకుపోయింది. ఈలోగా నా కూతురి పుట్టినరోజు దాటిపోయింది.

ఇల్లు చేరేసరికి పిల్ల వాళ్లమ్మ వెనక దాక్కుని “ఎవలే అమ్మా?” అంది. “మీ బాపు” అంది మా ఆవిడ. పిల్ల నన్ను కిందికీ మీదికీ చూసి, అమ్మ చేతిలోని ఫోన్ మీద వేలు పెట్టి, “బాపు గిండ్లుంటడు” అని తేల్చేసింది. ఊరూ పేరూ లేని అమెరికా కూజాల పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలిగినవాణ్ని, నేనెవరినో ఆ పిల్లకు చెప్పలేకపోయాను. ఏడుపొచ్చింది.

ఇప్పుడు అప్పటి నన్ను, ఆ కుర్రవాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. ప్రయాణంలో నలిగిన చొక్కాతో గడపలోనే మోకాళ్ల మీద కూర్చుని, తన ఫొటో ఉన్న ఫోన్‌ను చెంప పక్కన పట్టుకుని, “సూడు బిడ్డా, మంచిగ సూడు, గాయిన నేనే” అని బతిమాలుతున్నాడు పాపం.