అంకుల్‌కి ఇచ్చిన కాఫీలు

ఐర్లండ్‌లోని లిమరిక్‌లో మా ఇంటి ఓనరు తెలుగాయనే. మనవాడు కదా అని అంకుల్ అనేవాళ్లం. చలికాలం మొదట్లోనే ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ పాడైంది. పెద్దాయనకి ఫిర్యాదు రాసి పంపితే ఏం బాగుంటుందని, ఆయన వచ్చినప్పుడల్లా కాఫీ ఇచ్చి, నసుగుతూ నోటితోనే చెప్పేదాన్ని.

"చూద్దాంలేమ్మా," అని గ్లాసు ఖాళీ చేసి వెళ్లేవాడు. మేం కోట్లు వేసుకుని అన్నాలు తినేవాళ్లం.

మా ఆయన ఉద్యోగం పోయాక అద్దెలో కొంత ఊరి కౌన్సిల్ కట్టేది. అలా సాయం తీసుకునేవాళ్లకి అద్దె ఇళ్ల హక్కుల మీద ఒక క్లాసు పెట్టారు. ఓనర్లనీ కలుపుకుపోవాలట, అంకుల్‌ని పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. రిపేర్లు ఏమున్నా రాసి అడగాలని టీచరమ్మ చెప్తోంది. అంకుల్ సిగ్గూ శరం లేకుండా నావైపు చెయ్యి చూపించాడు.

"ఈ అమ్మాయినే అడగండి. ఇంతవరకూ ఒక్క కంప్లైంట్ రాయలేదు. ఇల్లంతా గ్రాండ్!"

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికి రాగానే రాసి పంపాను, కౌన్సిల్‌కి కూడా.

ఆదివారం ఊడిపడ్డాడు. సోఫాలో కూర్చుని, చలికి చేతులు రుద్దుకుంటూ వంటింటి వైపు చూశాడు.

"ఏమ్మా, కాఫీ లేదా?"

"రాసి పంపండి అంకుల్," అన్నాను. "చూద్దాం."