రేసు బండి మీద మూడు ఆదివారాలు

చెప్పులు కొనాలన్నా మూడు వారాలు ఆలోచించే మనిషి మా ఆయన. అలాంటిది యాభై రెండేళ్ళు నిండాక, నాతో మాటమాత్రం అనకుండా, ఇరవై ఏళ్ళనాటి ఎర్ర రేసు బండి కొనుక్కొచ్చి ఇంటి ముందు దిగారు. నేను ముందుగదిలో కుట్టుమిషన్ మీద ఎవరి చొక్కాకో కాలరు వేస్తున్నాను. కిటికీలోంచి చూసి ఎవరో అడ్రసు తప్పి వచ్చారనుకున్నాను. హెల్మెట్ తీశాక కదా తెలిసింది, మా ఇంటి మనిషేనని!

"ఏంటండీ ఇది?"

"బండి."

"అది నాకూ కనబడుతోంది. ఎవరికి?"

"నాకే," అన్నారు, అదేదో కూరగాయల సంచీ అయినట్టు.

నాకు ఒళ్ళు మండింది. ఆ బండి మీద కూర్చోవడమంటే కూర్చోవడం కాదు, ట్యాంకు మీద బోర్లా పడుకోవడం. అద్దాల్లో వెనకొచ్చే వాహనాలు కనబడవు, మన మోచేతులే కనబడతాయి. వారం తిరిగేసరికి నొప్పెడుతున్న మణికట్లు పట్టుకుని మంచమ్మీద కూర్చున్నారు. "బాగా అయింది," అన్నాను. మందు రాసింది మాత్రం నేనే.

మా ఆయన లిఫ్టు మెకానిక్కు. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. నెలకోసారి ఒక్కో లిఫ్టు దగ్గరికి వెళ్ళి తాళ్ళూ, బ్రేకులూ, తలుపులూ చూసి, అంతా బాగుందని కాగితం మీద సంతకం పెడతారు. ఆ సంతకాన్ని నమ్మి జనం పసిపిల్లల్ని ఎత్తుకుని లిఫ్టు ఎక్కుతారు. ఆయన చెవి గురించి తోటివాళ్ళు కథలు కథలుగా చెప్పుకునేవారు. కళ్ళు మూసుకుని ఒకసారి పైకీ కిందికీ తిరిగి, నాలుగో అంతస్తు తలుపు చక్రం అరిగిందని చెప్పేసేవారట. ఇంట్లోనూ అంతే. స్నానాల గదిలోంచే నా మిషన్ చప్పుడు విని "సూది మొద్దుబారింది, మార్చవే," అని కేకేసేవారు. చూస్తే నిజంగానే మొద్దుబారి ఉండేది. ఆ గొప్ప నేను ఊరంతా చెప్పుకునేదాన్ని, ఆయన ముందు మాత్రం విసుక్కునేదాన్ని. రెండేళ్ళుగా ఆ కేకలు ఆగిపోయాయి. ఇక నా మీద ధ్యాస తగ్గిందనుకున్నాను. నలుగురితో చెప్పుకునే మాట కాదు గనక లోపలే దాచుకున్నాను.

బండిని అమ్మినాయన పళ్ళ డాక్టరు. వెన్ను మొరాయించాక అమ్మేశాడు. బండికి ఎన్ని మొండి అలవాట్లున్నాయో ఒక కాగితం నిండా రాసిచ్చాడు. నూనె వేడెక్కేదాకా రెండో గేరు పడదు. ఐదుకీ ఆరుకీ మధ్య ఏ గేరూ కాని చోటొకటి ఉంది, కాలు సగం మనసుతో ఎత్తితే బండి అక్కడే చిక్కుకుపోతుంది. పొద్దున్నే చోక్ లాగి స్టార్ట్ చేయాలి, వేడెక్కగానే దాన్ని వెనక్కి నెట్టెయ్యాలి. లేకపోతే ఇంజను దానంతటదే వేగం పెంచుకుంటూ పోతుంది.

ఈయన ఆ కాగితాన్ని ఒక్కసారి చదివి మడిచి పెట్టేశారు. "ఆయనకి తెలిసింది ఆయన రాశాడు, నాకు తెలియాల్సింది నేను తెలుసుకోవాలి," అన్నారు. పొద్దున్నే పోర్టికోలో ఇంజను స్టార్ట్ చేసి, ట్యాంకు మీద అరచేయి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడేవారు. తర్వాత చేయి హ్యాండిల్ మీదికి మారేది, తర్వాత మోకాలు పక్కరేకుకి ఆనించేవారు. ఒకరోజు చెప్పులు విప్పి వట్టి పాదం ఫుట్‌రెస్ట్ మీద పెట్టి పది నిమిషాలు కదల్లేదు. "మంత్రాలేమైనా చదువుతున్నారా?" అని అడిగాను. నవ్వారు గానీ జవాబివ్వలేదు. నెల తిరిగేసరికి ఆ బండి ఆయన మాట వినడం నా కళ్ళతో నేనే చూశాను. వీధి మలుపులో ఇద్దరూ ఒకే మనిషిలా ఒరిగేవాళ్ళు. నాకు ముచ్చటేసింది, కాస్త కుళ్ళూ పుట్టింది.

ఒకరోజు పొద్దున నేను వంటింట్లో ఉండగా బయట ఇంజను రంకెలు వెయ్యడం మొదలుపెట్టింది. క్షణక్షణానికీ శబ్దం పెరిగిపోతోంది. ఎదురింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. నేను "ఏమండీ! ఏమండీ!" అని అరుస్తూ పరిగెత్తాను. మా ఆయన బండికి వీపు పెట్టి, తీరిగ్గా హెల్మెట్ అద్దం తుడుచుకుంటున్నారు. వెనక ఇంజను పేలిపోయేలా ఉంది. నేనే వెళ్ళి తాళం తిప్పేశాను.

ఆయన నా వైపు తిరిగి, "ఎందుకు ఆపావు?" అన్నారు.

అంత రంకె ఆయనకి వినబడనే లేదు! ఎదురింటివాళ్ళు లోపలికి వెళ్ళేదాకా ఆగి అడిగాను. "ఎన్నాళ్ళ నుంచి?"

అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు. "రెండేళ్ళవుతోంది. కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి దగ్గరికొచ్చి గట్టిగా అంటే కాస్త వినబడుతుంది. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి లాక్కొస్తున్నాను."

నాకు ముందు కోపమొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, ఆ తర్వాత సిగ్గేసింది. రెండేళ్ళూ సూది గురించి ఎందుకు చెప్పలేదో ఆ నిమిషాన తెలిసింది.

అప్పుడు చెప్పారు బండి సంగతి. కొత్త బండ్లు మెత్తగా పోతాయట, లోపల ఏం జరుగుతోందో ఒంటికి తెలియనివ్వవట. ఈ పాత రేసు బండి అలా దాచదట. చేతులకి, మోకాళ్ళకి, పాదాలకి అన్నీ చెప్పేస్తుందట. "చెవి లేకుండా దీన్ని తెలుసుకోగలిగితే లిఫ్టుని కూడా తెలుసుకోగలను. లేకపోతే ఆ పనిలో ఉండకూడదు. పైకెక్కేవాళ్ళు మనుషులు కదా."

"తెలుసుకోగలరో లేదో తేల్చేదెవరు?"

"వచ్చే నెల ఆస్పత్రి లిఫ్టు వంతు. ఆలోగా తేలాలి."

తేల్చే బాధ్యత నేను తీసుకున్నాను. వీధి చివర బైకు మెకానిక్ ఒకడున్నాడు. ముట్టుకుంటే మండిపడతాడని అందరూ చిటపట అంటారు. మా ఆయనంటే మాత్రం వాడికి ప్రాణం. మూడు ఆదివారాలు, ఆయనకి తెలియకుండా, ప్రమాదం లేని లోపమొకటి బండికి పెట్టమన్నాను. ఆయన చెవుల్లో నేనే దూది కుక్కుతాను, ఆయన ఒక చుట్టు తిరిగొచ్చి అదేంటో చెప్పాలి. చిటపట మొదట గయ్యిమన్నాడు. "అన్న చెయ్యి గురించి నాకు తెలీదా వదినా? ఆయనకీ పరీక్షలా?" తర్వాత ఒప్పుకున్నాడు.

మొదటి ఆదివారం ఒక ప్లగ్గు వైరు వదులు చేశాడు. మా ఆయన వీధి కూడా దాటలేదు. "నాలుగు సిలిండర్లలో ఒకటి పని చెయ్యట్లేదు," అన్నారు. రెండో ఆదివారం ముందు చక్రంలో గాలి కొంచెం తగ్గించాడు. మొదటి మలుపులోనే హ్యాండిల్ బరువెక్కిందని కనిపెట్టి వెనక్కొచ్చారు. "ఎంత తగ్గిందో కూడా చెప్పమంటావా?" అని చిటపటని ఏడిపించారు. ఆ రోజు మా ఆయన్ని చూస్తే నాకెంత గర్వమేసిందో! ఎదురింటావిడ పలకరిస్తే పొగరుగా నవ్వి వచ్చాను.

మూడో ఆదివారం చిటపట సైలెన్సరు బిగించే క్లాంపుని వదులు చేశాడు. బండి వీధి చివరికి వెళ్ళకముందే నాకు తెలిసిపోయింది. చప్పుడుతో పాటు టప్ టప్ మని సన్నగా గాలి చిమ్ముతోంది. గంట తర్వాత తిరిగొచ్చారు. హెల్మెట్ తీసి, దూది తీసేసి, చిన్నపిల్లాడిలా నవ్వారు.

"దొరికిపోయారు ఇద్దరూ. ఈ వారం మీరేమీ చెయ్యలేదు. లేని లోపం చెబుతానేమోనని చూస్తున్నారు. అంతేగా?"

చిటపట నా వైపు చూడకుండా, "అంతే అన్నా," అన్నాడు. "ఏమీ చెయ్యలేదు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఒక్క "ఊఁ" అంటే చాలు. ఆ మనిషి ఇరవై ఆరేళ్ళ పరువు ఆయన దగ్గరే ఉంటుంది. రేపటి నుంచీ తలెత్తుకుని పనికి వెళతారు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆస్పత్రి లిఫ్టులో స్ట్రెచర్ మీద పడుకుని పైకెళ్ళేవాళ్ళు గుర్తొచ్చారు. 

"వాడు అబద్ధం చెబుతున్నాడండీ. సైలెన్సరు క్లాంపు వదులుగా ఉంది. వీధి చివర్నుంచే నాకు వినబడింది."

ఆయన ఇంజను మళ్ళీ స్టార్ట్ చేశారు. వంగి క్లాంపు దగ్గర చేయి పెట్టారు. వేడి గాలి అరచేతికి తగిలినట్టుంది, చాలాసేపు చేయి తియ్యలేదు. చిటపట తల దించుకుని పానాలు సర్దుకుంటున్నాడు. లేచి నిలబడ్డాక ఆయన వాడి భుజం తట్టి, "నువ్వు నా మీద ప్రేమతో అన్నావురా," అన్నారు. నాతో మాత్రం, "నువ్వు కూడా ఊఁ అని ఉంటే ఎల్లుండి ఆస్పత్రి లిఫ్టుకి సంతకం పెట్టేసేవాణ్ణి," అన్నారు.

మర్నాడు ఎవరూ పిలవకుండానే ఆఫీసుకి వెళ్ళారు. మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చారు. నేను మిషన్ ఆపి ఎదురెళ్ళాను.

"చెప్పేశాను. ఆఫీసరు నమ్మలేదు, హాస్యమాడుతున్నాననుకున్నాడు. రెండోసారి చెప్పాక కుర్చీ వేశాడు."

"ఉద్యోగం?"

"ఉంది. తాళ్ళూ బ్రేకులూ చేత్తో చూడ్డం నా పని. విని చెప్పడానికి ఇంకొకరు వస్తారు. సంతకం వాళ్ళది."

"మరి మీది?"

"నాది ఇక అక్కర్లేదు," అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. ఆ చేతులకి మట్టి లేదు. అయినా నీళ్ళు చాలాసేపు పారుతూనే ఉన్నాయి.

రోజుకి పదిసార్లు ఆయనతో గొడవపడేదాన్ని, ఆ పూట మాత్రం తువ్వాలు పట్టుకుని వెంట వెళ్ళాను. ఎవరికీ తెలియని లోపాన్ని తనే పట్టుకుని, తనే వెళ్ళి ఒప్పుకున్న మనిషి! తువ్వాలు అందిస్తూ ఆయన ఎడమ చెవి దగ్గరికి వెళ్ళి, వీధంతా వినబడేలా చెప్పాను.

"మీలాంటి మనిషిని నేనింకొకర్ని చూడలేదండీ!"

ఆయన చేతులు తుడుచుకోవడం ఆపి, "మళ్ళీ చెప్పు," అన్నారు.

"అయ్యో, వినబడలేదా?"

"వినబడింది. అయినా మళ్ళీ చెప్పు."