బొమ్మ ఆగాక వచ్చిన మాట

నేను చెబుతుంటే మా అమ్మాయి షాహీన్ రాస్తోంది. సంతకం పెట్టడం, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం, నా చదువు అంతవరకే. ముందే ఒకటి చెప్పాలి, నేను తేలిగ్గా భయపడే మనిషిని కాదు. మా వీధిలో పిల్లలు నిద్రలో ఉలిక్కిపడితే తాయెత్తులు కట్టించేవాళ్లు. నేను మాత్రం నా బిడ్డ ఒళ్లు వేడిగా ఉందేమో చూసి, మాత్ర వేసి పడుకోబెట్టేదాన్ని. పోయినవాళ్లు పోయినట్టే, తిరిగి రావడమంటూ ఉండదనేదాన్ని. ఇప్పటికీ అదే అంటాను. అయినా ఈ ఒక్క సంగతి నా మనసులో సర్దుకోదు.

మాది తెనాలి. ఇంటి ముందు గదిలో మా ఆయన రహీం పెళ్లికార్డులు డిజైన్ చేసే షాపు పెట్టారు. మధ్య తలుపుకు పరదా. ఇటు నా పొయ్యి, అటు ఆయన కంప్యూటరు. బాపట్లలో కంప్యూటర్లు నేర్పే ప్రసాద్ గారు ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. డబ్బు పెట్టి కొనక్కర్లేదని ఆయనే అందులో విండోస్ బదులు లినక్స్ వేసి ఇచ్చారు.

ఆ ఏడాది మా ఆయన ఎక్కడో పాత గ్రాఫిక్స్ కార్డు ఒకటి కొని మిషనులో బిగించారు. పూలు, రంగులు బాగా కనపడతాయట. రోగం అప్పుడే మొదలైంది. పెద్ద బొమ్మ తెరిచినా, వీడియో పెట్టినా తెర ఉన్నదున్నట్టు బిగుసుకుపోయేది. బాణం గుర్తు కదలదు, ఏ మీట నొక్కినా పలకదు. కరెంటు తీసి మళ్లీ పెట్టాల్సిందే. "డ్రైవర్ కుదరలేదు, ప్రసాద్ వస్తే చూస్తాడులే" అనేవారు.

ప్రసాద్ గారు రాకముందే మా ఆయన వెళ్లిపోయారు. రేపల్లెలో ఎవరికో కార్డులు ఇచ్చి వస్తానని పొద్దున రైలెక్కారు. అక్కడే గుండె పట్టేసింది. నేను రేపల్లె ఆసుపత్రికి చేరేసరికి ముఖం మీద గుడ్డ కప్పేశారు. ఆఖరికి ఏమన్నారని నర్సమ్మను అడిగాను. "ఏం అనలేదమ్మా, మాట రాలేదు" అంది.

ఇద్దత్‌లో కూర్చున్నాను. భర్త పోయిన ఆడది కొన్ని నెలలు గడప దాటకూడదు, పరాయి మగవాళ్ల కంట పడకూడదు. నేను పరదా వెనక, డిగ్రీ చదువుతున్న షాహీన్ ముందు గదిలో. వాళ్ల నాన్న ఒప్పుకున్న కార్డులు తనే పూర్తి చేస్తుంటే, మిషను మాటిమాటికీ బిగుసుకుపోయేది. మా మరిది విసుక్కున్నాడు. "అంతా తుడిచేసి విండోస్ వేయిస్తా భాభీ, పీడా పోద్ది."

సరే అనబోయాను. అప్పుడు చెప్పింది షాహీన్, అందులో నాన్న వీడియో ఒకటి ఉందని. కార్డు బిగించిన రోజు, కెమెరా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి తీసుకున్నది. ఆయన ఫొటోలు మా దగ్గర ఉన్నాయి. గొంతు మాత్రం ఇంకెక్కడా లేదు. తుడిచేస్తే ఇక రాదు. మరిదిని ఆపాను.

ఆ మధ్యాహ్నం షాహీన్ వీడియో పెట్టింది. షాపు తలుపు వీధికి తెరిచి ఉంది గనక నేను ఇవతలే కూర్చున్నాను, ముందు అన్నం పళ్లెం పెట్టుకుని. నాకు ముద్ద దిగని రోజులవి. "హలో, కనపడుతున్నానా?" అని ఆయన గొంతు వచ్చింది. వెంటనే షాహీన్ అరిచింది, "అయ్యో, మళ్లీ ఆగిపోయింది అమ్మీ!"

బొమ్మ ఆగిపోయాక మళ్లీ ఆయనే అన్నారు. "వస్తన్నా ఖైరూ, నువ్వు తినెయ్."

ఖైరూ అంటే నేనే. రోజూ నేను అన్నానికి పిలిస్తే అటునుంచి వచ్చే మాట అది. చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నేను నోరు తెరవకముందే షాహీన్ పరదా దగ్గరకు వచ్చి, "విన్నావా? నిన్ను తినమంటున్నారు" అంది. కాబట్టి అది నా ఒక్కదాని భ్రమ కాదు.

కబురు చేస్తే ప్రసాద్ గారు వచ్చారు. మిషను మూత విప్పి నవ్వారు. "ఇది సిస్టమా, పాతసామాన్ల కొట్టా చెల్లెమ్మా? ఏది దొరికితే అది దూర్చేస్తాడు వీడు!" ఆ మాట అన్నాక ఆయనకు గుర్తొచ్చినట్టుంది. "దూర్చేసేవాడు" అని మెల్లగా దిద్దుకున్నారు.

తర్వాత వీడియో పెట్టారు. ఆయన ముందూ అలాగే బిగుసుకుంది. ఆగిన బొమ్మలోంచి అదే మాట వచ్చింది. ఆయనకేమీ వింతగా తోచలేదు.

"కంగారు పడకండి. కార్డు చేత బొమ్మలు వేయించే ప్రోగ్రామునే డ్రైవర్ అంటారు. అది చెడింది. తెర ఒక్కటే ఆగింది, లోపలంతా నడుస్తానే ఉంది. అందుకే గొంతు వస్తంది. మిమ్మల్ని తినమన్నాడు చూడండి, అది కూడా రికార్డయింది. డ్రైవర్ మార్చేస్తే మొత్తం చూడొచ్చు."

తను తెచ్చుకున్న చిన్న కంప్యూటరును వైరుతో కలిపి, దాన్నుంచి ఆగిన మిషను లోపలికి వెళ్లారు. నిజంగానే లోపల నడుస్తోందట. పాత డ్రైవర్ తీసేసి, లినక్స్‌తో వచ్చే మామూలుది పెట్టి, మళ్లీ వీడియో నడిపారు.

ఈసారి ఎక్కడా ఆగలేదు. "హలో, కనపడుతున్నానా?" అన్నారు మా ఆయన. ఆ తర్వాత కుర్చీ జరిపిన చప్పుడు. అంతే.

"మిగతాది ఏదన్నయ్యా?" అని అడిగాను.

"ఇంతే ఉంది చెల్లెమ్మా." అన్నారు ప్రసాద్ గారు. మొదటినుంచి మళ్లీ పెట్టారు. మిషను మొత్తం వెతికారు, ఇంకో రికార్డు ఏదీ లేదు. "నేను విన్నానే... నా చెవులతో విన్నానే" అని తనలో తనే అనుకుంటున్నారు.

ఆ పాడైన డ్రైవరే మళ్లీ పెట్టమని బతిమాలాను. కాదనకుండా పెట్టారు. "హలో, కనపడుతున్నానా?" తర్వాత ఆగిపోయిందని షాహీన్ చెప్పింది. వాళ్లు అటు, నేను ఇటు ఊపిరి బిగబట్టాం. మిషనులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అబ్బాజాన్, అమ్మీ తినట్లేదు" అంది షాహీన్ ఏడుస్తూ, తెరతోనే. అయినా రాలేదు.

చివరికి మంచి డ్రైవరే ఉంచమన్నాను. బిడ్డ పని సాగాలి కదా. ప్రసాద్ గారు వెళ్తూ గడప దగ్గర ఆగి, "వాడు చెప్పాడు కదా చెల్లెమ్మా. తినండి" అన్నారు.

తిన్నాను. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ప్రసాద్ గారూ షాహీనూ ఇప్పటికీ చెప్పలేరు, నాకసలే తెలియదు. ఆ తర్వాత మిషను ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. షాహీన్ పని చేసుకుంటున్నంతసేపూ, ఒక్కసారి ఆగితే బాగుండునని నేను పరదా వెనకే కూర్చునేదాన్ని.