అక్క కోసం మానేసిన ముక్క

మా అక్కకు నా కిడ్నీ ఇస్తానన్నప్పుడు డాక్టర్ పరీక్షలన్నీ చేయించాడు. రిపోర్టులు చూసి, పక్కన పెట్టి, నా పొట్ట వైపు చూశాడు.

"నీ కిడ్నీలు రెండూ మంచిగున్నయి. గీ బరువుతోని మాత్రం నీకు ఆపరేషన్ చెయ్యలేను. జర తగ్గి రా" అన్నాడు.

అక్క పక్క కుర్చీలోనే ఉంది. ఏడాదిగా డయాలసిస్ కోసం కరీంనగర్‌లో ఆస్పత్రి చుట్టూ తిరుగుతున్న మనిషి. ఆమె నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇవ్వడానికి నేను సిద్ధం, నాకంటే ముందు నా భార్య ఒప్పుకుంది, అడ్డం వచ్చింది నా పొట్ట ఒక్కటే. పొట్టను ఎవరి దగ్గరికి తీసుకెళ్లి తిట్టించాలి?

హుజూరాబాద్‌లో నాది విత్తనాల దుకాణం. పొద్దంతా కూర్చునే పని. ఆదివారం మటన్ ఉడకకపోతే మా ఇంట్లో అది ఆదివారం కిందికే రాదు. నడిమధ్య చుట్టం వస్తే కోడి. చుట్టం రాకపోతే, రాలేదన్న బాధకు మళ్లీ కోడి. డాక్టర్ నన్ను తక్కువ తినమన్నాడే గానీ మాంసం మానమనలేదు. కానీ ముక్క ముందు కూర్చున్నాక తక్కువ తినడం నాకు చేతకాదు. పూర్తిగా మానేయడమైతే చేతనవుతుందేమో అనిపించింది. ఇంటికి వచ్చి, ఇవాళ్టి నుంచి కూరగాయలే అని ప్రకటించాను.

మొదటి నెల చాలా గొప్పగా గడిచింది. ముక్క లేదన్న దిగులును ముద్దపప్పు, నెయ్యితో తీర్చుకున్నాను. పప్పుచారు రుచిగా ఉంటే ఇంకో రెండు ముద్దలు. సాయంత్రం దుకాణంలోకి బియ్యప్పిండి, పల్లీలు కలిపి నూనెలో కాల్చిన సర్వపిండి. రాత్రికి పెరుగన్నం, అందులోకి మామిడికాయ తొక్కు. మాంసం ముట్టలేదు కదా అని గుండెల మీద చెయ్యి వేసుకుని పడుకునేవాణ్ణి. నెలాఖరున దుకాణంలో బస్తాలు తూచే కాంటా ఎక్కితే, నేను తగ్గలేదు సరికదా పెరిగాను. కాంటా పాడైందేమోనని ఒక విత్తనాల బస్తా పెట్టి చూశాను. బస్తా సరిగ్గానే తూగింది.

నా భార్యకు చెబితే నడుం మీద చేతులు పెట్టుకుంది.

"రోజూ పెండ్లి భోజనం తినుకుంట బరువు తగ్గుతరా ఎవరన్న? ముక్క బంద్ చేసినవు గని, గంజెడు అన్నం బంద్ చేసినవా?"

ఆమె పుట్టిల్లు ఆదిలాబాద్. పెళ్లయిన కొత్తలో ఆమె జొన్నరొట్టె చేస్తే, మేము అన్నం తినే మనుషులమని మా వాళ్లంతా ఎగతాళి చేశారు. అందులో నా గొంతే పెద్దది. కాంటా సంగతి చెప్పిన మర్నాడు ఆమె అటక మీది రొట్టెల పెనం కిందికి దించింది. పూటకు రెండు జొన్నరొట్టెలు, పుంటికూర పప్పో, బీరకాయో, అక్కడి వాళ్లు పచ్చిమిర్చి కాల్చి దంచే ఠేచా కొద్దిగా. మూడో రొట్టె అడిగితే వినబడనట్టు లోపలికి వెళ్లిపోయేది. పొద్దున్నే నన్ను లేపి మార్కెట్ దాకా నడిపించేది. నాకు ఆకలి వేసింది, కోపం వచ్చింది, ఒక రోజు కంచం తోసేశాను కూడా. ఆమె కంచం తీసి కడిగి పెట్టింది. ఆ పూట నేను ఉపవాసమే ఉన్నాను.

నాలుగు నెలలు తిరిగేసరికి ప్యాంట్లు జారడం మొదలైంది. ఇంకొంచెం తగ్గితే తారీఖు ఇస్తానన్నాడు డాక్టర్. సరిగ్గా అప్పుడే మా బావ పోచమ్మకు యాట కోశాడు.

నా కిడ్నీ అక్కకు సరిపోతే మేకపోతును ఇస్తానని బావ మొక్కుకున్నాడట. సరిపోయింది. చుట్టాలందరినీ కరీంనగర్‌లో తన ఇంటికి పిలిచి భోజనాల బంతి వేశాడు. నన్ను అందరి నడుమ కూర్చోబెట్టి, గరిటెతో తానే వచ్చి, మూలుగ నిండిన నల్లిబొక్క ఏరి నా విస్తట్లో వేయబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"వద్దు బావా."

"గిది దావత్ గాదు బామ్మర్ది, మొక్కు. ఎవరి కిడ్నీ కోసం మొక్కిన్నో ఆయన తినకుంటే మొక్కు తీరుతదా? మీ అక్కకు ఏమన్న అయితే?"

బంతిలో అందరూ తినడం ఆపి నా విస్తరి వైపే చూశారు. ఆయనకున్న భయమే నాకూ ఉంది. ఒక్క ముక్కకేమవుతుందని ఎవరైనా అనవచ్చు. నా సంగతి నాకు తెలుసు. ఒక్కటి నోట్లో పడితే కూర గంజు ఖాళీ అయ్యేదాకా నేను లేవను. మర్నాడు ఇంట్లోనూ అదే తంతు అవుతుంది. తినలేను, కాదనలేను. ఆ మసాలా వాసనకు నా నోట్లో నీళ్లూరుతున్నాయి, అది ఇంకా సిగ్గుగా ఉంది.

అక్క లోపలి నుంచి వచ్చింది. ఆమె చేతిలో తనకోసం ఉప్పు తగ్గించి వండుకున్న సొరకాయ కూర గిన్నె ఉంది. నా పక్కనున్న చుట్టాన్ని జరగమని, మగవాళ్ల బంతిలో కూర్చుంది. మా ఇళ్లలో ఆడవాళ్లెవరూ అట్లా కూర్చోరు.

"పోచమ్మకు నువ్వు ఇస్తనన్నది ఇచ్చినవు, తల్లి తీసుకున్నది" అంది బావతో. "నా తమ్ముడు నాకు ఇస్తనన్నది ఇంక ఇయ్యలే. వాన్ని ఇయ్యనియ్యి."

బావ నల్లిబొక్కను మాంసం గిన్నెలో వేసి, కండువాతో మొహం తుడుచుకుని, అక్క చేతిలోని గిన్నె తీసుకున్నాడు. సొరకాయ నా విస్తట్లో తానే వడ్డించాడు. వదినెల్లో ఎవరో అన్నం తెచ్చి వేయబోతే గదమాయించాడు.

"గంతనా? జర తియ్యి, తియ్యి! ఆయన బరువు పెరిగితే ఎవరు జిమ్మేదారు?"

అందరూ నవ్వారు. ఆ చప్పిడి సొరకాయ నేను ఇష్టంగా తిన్నానని చెబితే అబద్ధం. కానీ మిగల్చకుండా తిన్నాను.

వెళ్లేటప్పుడు అక్క వాకిలి దాకా వచ్చింది. నా చొక్కా వదులైన చోట పట్టుకుని లాగి చూసింది, చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు సర్దినట్టు. జబ్బు చేసిన నాటి నుంచి ఆమె ఎప్పుడూ పిల్లల పెళ్లిళ్ల గురించి, తను లేకపోతే ఎవరేం చేయాలో దాని గురించే మాట్లాడేది.

"తమ్మీ, నేను బతుకుత అనిపిస్తుందిరా" అంది.